పిల్లల అడ్రినల్ గడ్డకు ఏ స్కాన్? అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్ఐ, ఎంఐబీజీల మధ్య ఎంపిక

హిందూపురంలోనో మదనపల్లెలోనో పాపకు కడుపునొప్పి అని స్కాన్ తీయిస్తారు. రిపోర్ట్ అడుగున రెండు లైన్లు ఉంటాయి. కుడి కిడ్నీ పైన, అడ్రినల్ దగ్గర 4 సెంటీమీటర్ల గడ్డ. దాని కింద ‘సీటీ / ఎంఆర్ఐ తీయించగలరు’ అని. ఆ రెండు పేర్ల మధ్య ఉన్న ఏటవాలు గీత దగ్గరే అమ్మానాన్నలు ఇరుక్కుపోతారు. ఫైలు సంచిలో పెట్టుకుని బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సు దిగేసరికి ముగ్గురు మూడు రకాలుగా చెప్పి ఉంటారు. ఊళ్లో ఆర్ఎంపీ ‘సీటీ తీయించేయండి, రెండు నిమిషాల పని’ అంటాడు. చుట్టాల్లో ఒకరు రేడియేషన్ అని భయపెడతారు. మారతహళ్లిలో ఉండే బావమరిది ‘పెట్ స్కాన్ చేయిస్తే ఒళ్లంతా ఒకేసారి తెలిసిపోతుంది కదా బావా’ అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉండటమే అసలు టెన్షన్.

నేను బెంగళూరులో పిల్లల స్కాన్లు చదివే డాక్టర్ని, మాది అనంతపురం వైపు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అల్ట్రాసౌండ్ అందరికీ మొదటి మెట్టు. ఆ తర్వాత పిల్ల వయసు, బీపీ, మూత్రం–రక్తం పరీక్షలు చూశాక డాక్టరుకు ఏ సందేహం మిగిలిందో, దాన్ని తీర్చే స్కాన్ ఒక్కటి తీయించాలి. ఆ పెద్ద స్కాన్‌ను మీకు దగ్గరగా ఉన్న సెంటర్‌లో కాకుండా, రేపు వైద్యం జరగబోయే చోట తీయిస్తే చాలా ఇబ్బందులు తప్పుతాయి. ఎందుకో కింద వివరంగా రాశాను.

## ఎంచుకునే ముందు: వయసు, బీపీ, మూత్రం

అడ్రినల్ అంటే రెండు కిడ్నీల మీదా టోపీలా చెరొకటి ఉండే చిన్న గ్రంథి. పెద్దవాళ్లలో అక్కడ గడ్డ కనిపిస్తే ఎక్కువసార్లు అది హాని చేయని అడినోమా. అది అడినోమాయేనా అని తేల్చుకోవడానికి పెద్దలకు సీటీ పలుమార్లు తీస్తారు: రంగుమందు (నాళాలు, గడ్డ తేటగా కనబడేందుకు నరంలోకి ఇచ్చేది) ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి, పదిహేను నిమిషాలు ఆగి ఇంకోసారి. పిల్లల్లో అడినోమా చాలా అరుదు. వాళ్లలో వచ్చే గడ్డలే వేరు. పెద్దల పద్ధతి పిల్లల మీద వాడితే రేడియేషన్ పెరుగుతుంది, సమాధానం మాత్రం రాదు.

పిల్లల్లో ఏ గడ్డ అయి ఉండొచ్చో సగం వయసే చెబుతుంది.

| వయసు | ముందుగా అనుకోవాల్సినది | దాన్ని పోలి కనిపించేవి |
|---|---|---|
| పుట్టిన మొదటి నెలలు | గ్రంథి లోపల రక్తస్రావం. ఆ తర్వాత న్యూరోబ్లాస్టోమా | డయాఫ్రమ్ కింద ఉండిపోయిన ఊపిరితిత్తి ముక్క (ఎక్కువగా ఎడమ వైపు), కిడ్నీ పైభాగంలో మూత్రం నిలిచిన వాపు |
| ఐదేళ్ల లోపు | న్యూరోబ్లాస్టోమా | కిడ్నీ నుంచి పుట్టే విల్మ్స్ గడ్డ, అడ్రినల్ కార్టెక్స్ (గ్రంథి బయటి పొర) గడ్డ |
| ఐదారేళ్లు దాటాక | గ్యాంగ్లియోన్యూరోమా (నరాల కణాల నుంచి పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ), ఫియోక్రోమోసైటోమా (బీపీ పెంచే హార్మోన్లు వదిలే గడ్డ) | రెండు వైపులా ఉంటే టీబీ లాంటి ఇన్ఫెక్షన్, పుట్టుకతో వచ్చే హార్మోన్ లోపం వల్ల గ్రంథుల వాపు |

న్యూరోబ్లాస్టోమా పేరు వినగానే గుండె జారుతుంది. అది క్యాన్సరే. పిల్లల్లో మెదడు బయట వచ్చే గట్టి గడ్డల్లో అదే ఎక్కువ, 90 శాతం దాకా ఐదేళ్లలోపే బయటపడుతుంది. కానీ ఏడాది లోపు పసిపిల్లల్లో అదే గడ్డ చాలాసార్లు మెత్తగా ప్రవర్తిస్తుంది, కొన్నిసార్లు మందు లేకుండానే కరిగిపోతుంది. కాబట్టి పేరు చూసి కంగారుగా స్కాన్ల వెంట పరుగెత్తొద్దు.

స్కాన్ బుక్ చేసే ముందు రెండు చిన్న పనులు జరిగాయో లేదో అడగండి. ఒకటి బీపీ. పిల్ల చేతికి సరిపోయే చిన్న పట్టీతోనే చూడాలి. పెద్దల పట్టీ చుడితే ఉన్న బీపీ కన్నా తక్కువ చూపిస్తుంది, హై బీపీ దొరక్కుండా పోతుంది. రెండోది మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ (గడ్డ వదిలే హార్మోన్లు విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థాలు) పరీక్ష. న్యూరోబ్లాస్టోమా ఉన్న పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి ఇవి పెరిగి ఉంటాయి. చిన్నపిల్లకు 24 గంటల మూత్రం పట్టడం తల్లికి నరకం. చాలా చోట్ల ఒక్కసారి పట్టిన మూత్రంతోనే, క్రియాటినిన్‌తో పోల్చి, పని కానిస్తారు. బీపీ ఎక్కువగా ఉన్న పెద్దపిల్లలకు ఫియోక్రోమోసైటోమా ఉందేమో చూసే మెటానెఫ్రిన్ పరీక్ష రాస్తారు. పాపకు అప్పుడే మొటిమలు, మర్మాంగం దగ్గర వెంట్రుకలు, గొంతు మారడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం లాంటివి ఉంటే హార్మోన్ల రక్తపరీక్షలు ముందు వరుసలోకి వస్తాయి.

## నాలుగింటినీ పక్కపక్కన పెడితే

ఎంఐబీజీ అంటే కొంచెం రేడియేషన్ ఉన్న మందు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడెక్కడ చేరిందో కెమెరాతో చూసే స్కాన్.

| | అల్ట్రాసౌండ్ | సీటీ | ఎంఆర్ఐ | ఎంఐబీజీ |
|---|---|---|---|---|
| రేడియేషన్ | లేదు | ఉంది | లేదు | ఉంది |
| మత్తు | అక్కర్లేదు | చాలామందికి అక్కర్లేదు | ఐదారేళ్లలోపు వాళ్లకు సాధారణంగా కావాలి | చిన్నవాళ్లకు ఒక్కోసారి |
| మెషీన్ కింద సమయం | 15–30 నిమిషాలు | సెకన్లు | 30–60 నిమిషాలు | గంట దాకా; రెండు మూడు రోజులు రావాల్సి రావచ్చు |
| బలం | గడ్డ ఉందా, నీటిదా గట్టిదా, రోజులు గడిచేకొద్దీ మారుతోందా | సున్నపు చుక్కలు, రక్తనాళాలు, ఊపిరితిత్తులు | వెన్నెముక కాలువ, కాలేయం, ఎముక మజ్జ | గడ్డ ఒంట్లో ఎక్కడెక్కడికి పాకింది |
| బలహీనత | గ్యాస్, ఏడుపు. తీసే చేతిని బట్టి నాణ్యత | వెన్నెముక కాలువలో అంత స్పష్టత ఉండదు | కదిలితే బొమ్మ చెడుతుంది | గడ్డ చుట్టూ ఉన్న నాళాల గురించి చెప్పలేదు |

ధర కూడా దాదాపు ఎడమ నుంచి కుడికి పెరుగుతూ పోతుంది. ప్రైవేటులో ఎంఆర్ఐకి మత్తు డాక్టర్ ఫీజు విడిగా వేస్తారు. అది కలిపి ఎంతవుతుందో ముందే అడగండి.

## అల్ట్రాసౌండ్: పసిగుడ్డుకు చాలాసార్లు ఇదొక్కటే చాలు

పుట్టిన పది రోజుల బాబు. కాన్పు కష్టమైంది, బిడ్డ బరువెక్కువ, పుట్టగానే ఏడవలేదు. తర్వాత పచ్చకామెర్లు తగ్గడం లేదని స్కాన్ తీస్తే కుడి అడ్రినల్‌లో గడ్డ. ఇలాంటి బిడ్డలో అది ఎక్కువసార్లు గ్రంథి లోపల కారిన రక్తమే. ఎక్కువగా కుడివైపే వస్తుంది. మొదటి రోజుల్లో అల్ట్రాసౌండ్‌లో తెల్లగా, గట్టి గడ్డలాగే కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ నడుమ నీరులా నల్లబడుతుంది, చిన్నదవుతుంది, చివరికి ఒక సున్నపు మచ్చ మిగలొచ్చు. డాప్లర్ పెడితే లోపల రక్తప్రవాహం కనబడదు.

ఇక్కడే పెద్ద ఎంపిక ఎదురవుతుంది: వెంటనే సీటీ తీయాలా, రెండు వారాలు ఆగి మళ్లీ అల్ట్రాసౌండ్ తీయాలా? నేనైతే ఆగమంటాను. అదే రోజు సీటీ తీసినా కొత్త రక్తం, న్యూరోబ్లాస్టోమా ఒకదాన్ని ఒకటి పోలి ఉండొచ్చు. రెండింట్లోనూ సున్నం కనబడొచ్చు. ఈ సందేహాన్ని తీర్చేది కాలమే. రక్తమైతే కరుగుతుంది. న్యూరోబ్లాస్టోమా అయితే సాధారణంగా అంత త్వరగా కరగదు, అలాగే ఉంటుంది లేదా పెరుగుతుంది, అప్పుడు లోపల నాళాలు కనబడతాయి. ఈ వయసులో మూత్రం పరీక్ష నార్మల్‌గా వచ్చినా అది న్యూరోబ్లాస్టోమా కాదని అనుకోకూడదు. పసిపిల్లల న్యూరోబ్లాస్టోమాలో అది తరచూ మామూలుగానే ఉంటుంది.

ఆగితే క్యాన్సర్ ముదిరిపోదా అని ఏ తండ్రైనా అడుగుతాడు. అడగాల్సిందే. అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ దీన్నే పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించింది. ఆరు నెలల లోపు పిల్లల్లో చిన్న అడ్రినల్ గడ్డలను (గట్టివైతే 3.1 సెం.మీ. వరకు, నీటి తిత్తులైతే 5 సెం.మీ. వరకు) కోయకుండా క్రమం తప్పని స్కాన్లు, మూత్రపరీక్షలతో గమనించారు. అలా గమనించిన 83 మందిలో 16 మందికి మాత్రమే తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మూడేళ్లకు అందరూ బతికే ఉన్నారు. ఆగడం అంటే వదిలేయడం కాదు, చెప్పిన తేదీకి తప్పకుండా రావడం. ఊరు దూరమని రెండో స్కాన్ ఎగ్గొట్టే ఇంటికి ఈ దారి పనికిరాదు. అలాంటప్పుడు ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పేయాలి.

నవజాత శిశువు అడ్రినల్ సహజంగానే పెద్దదని కూడా గుర్తుంచుకోండి. పుట్టినప్పుడు కిడ్నీలో మూడో వంతు ఉంటుంది, తర్వాత వారాల్లో కుంచించుకుపోతుంది. పెద్దల స్కాన్లు మాత్రమే తీసే చోట ఈ మామూలు గ్రంథినే గడ్డ అని రాసిన రిపోర్టులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. పిల్లలకు అలవాటైన చేతితో, సన్నటి ప్రోబ్‌తో, బిడ్డకు పాలు పడుతూ తీస్తే సగం కేసులు అక్కడే తేలతాయని నా అనుభవం.

ఏడాది దాటిన పిల్లల్లో కథ మారుతుంది. అక్కడ అల్ట్రాసౌండ్ పని గడ్డ ఉందని చెప్పడం, అది కిడ్నీదా కిడ్నీ పైనున్న దాంట్లోదా అని వీలైనంత విడదీయడం, కాలేయం ఎలా ఉందో చూడటం. కథ అక్కడితో ఆగదు.

## సీటీనా, ఎంఆర్ఐనా: అసలు చిక్కు ఇక్కడ

రెండేళ్ల పాప, కడుపు గట్టిగా ఉంది, మూత్రంలో వీఎంఏ పెరిగింది. న్యూరోబ్లాస్టోమా అని దాదాపు తెలిసిపోయింది. సర్జన్ ఇప్పుడు అడిగే ప్రశ్నలు వేరు. గడ్డ బృహద్ధమనిని, పేగులకు రక్తమిచ్చే నాళాలను చుట్టేసిందా? నడిమధ్య దాటిందా? వెన్నెముక రంధ్రాల గుండా లోపలికి పాకిందా? 2009లో వచ్చిన అంతర్జాతీయ స్టేజింగ్ పద్ధతి ఈ ప్రశ్నల మీదే నడుస్తుంది. ఆపరేషన్‌కు ముప్పు తెచ్చే గుర్తులు బొమ్మలో ఏవీ లేకపోతే ఎల్1, ఒక్కటున్నా ఎల్2, దూరానికి పాకితే ఎం. 18 నెలల లోపు బిడ్డలో చర్మం, కాలేయం, మజ్జకు మాత్రమే పాకితే ఎంఎస్ అని వేరే పేరు, చికిత్స కూడా వేరు. అంటే స్టేజ్ సగం నిర్ణయమయ్యేది ఈ ఒక్క స్కాన్ మీద. అది మసకగా ఉంటే అన్నీ మసకే.

సీటీ బలం వేగం. కొత్త మెషీన్లలో కడుపు మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది. అమ్మ పక్కనే నిలబడి (సీసపు ఏప్రాన్ వేసుకుని, కడుపుతో లేదని చెప్పి) ఆటబొమ్మ చూపిస్తుంటే చాలామంది పిల్లలు మత్తు లేకుండానే కానిచ్చేస్తారు. న్యూరోబ్లాస్టోమాలో 80–90 శాతం గడ్డల్లో సున్నపు చుక్కలు సీటీలో కనబడతాయి. విల్మ్స్‌లో అవి అరుదు. న్యూరోబ్లాస్టోమా నాళాలను చుట్టుకుంటుంది, విల్మ్స్ సాధారణంగా పక్కకు నెడుతుంది. ఈ తేడాలు మంచి సీటీలో చక్కగా తెలుస్తాయి. ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలు వెతకాలన్నా సీటీ చేసేంత బాగా వేరేది చేయదు.

దాని ధర రేడియేషన్. పిల్లల సెట్టింగ్‌తో, రంగుమందు ఎక్కించాక ఒక్కసారి మాత్రమే తీస్తే, అది మనందరికీ నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాది నుంచి మూడేళ్లలో వచ్చేంత. భయపడి పారిపోయేంత కాదు. కానీ పెద్దల పద్ధతిలో మూడు నాలుగుసార్లు తీస్తే అది మూడు నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి సీటీ సెంటర్ కౌంటర్ దగ్గర ‘ఎన్ని ఫేజులు (ఎన్నిసార్లు) తీస్తారు?’ అని అడగండి. ఈ పనికి ఒక్కటి చాలు. రంగుమందు లేకుండా విడిగా ఒకసారి తీయడం చాలాసార్లు దండగ, సున్నం రంగుమందుతో తీసిన బొమ్మలోనూ కనబడుతుంది. మూడు నాలుగు అని జవాబొస్తే ఆ బుకింగ్ ఆపి మీ డాక్టరుకు ఫోన్ చేయండి.

ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు, వెన్నెముక కాలువ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది, మజ్జ, కాలేయం బాగా వస్తాయి. గాడోలినియం రంగుమందు లేకుండానే చాలా ప్రశ్నలకు జవాబు దొరకొచ్చు. దాని ధర మత్తు, సమయం. మూడు నెలల లోపు బిడ్డకు పాలిచ్చి, గుడ్డలో గట్టిగా చుట్టి, నిద్రపుచ్చి మత్తు లేకుండా తీయొచ్చు. రెండేళ్ల పిల్లకు ఆ దారి లేదు. మత్తు గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో ఒక హెచ్చరిక ఇచ్చింది: మూడేళ్లలోపు పిల్లలకు పదే పదే ఇవ్వడం, లేదా మూడు గంటలకు మించి ఇవ్వడం గురించి జాగ్రత్త అని. ఒక్కసారి, తక్కువసేపు ఇచ్చే మత్తుతో చదువు మీద దెబ్బ పడే అవకాశం తక్కువ అని అదే హెచ్చరిక చెబుతుంది. వాట్సాప్‌లో మొదటి సగమే తిరుగుతుంది.

మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి. గట్టి ఆహారానికి, డబ్బాపాలకు 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, నీళ్లకు 2 గంటలు అనేది మామూలు లెక్క. మీ ఆసుపత్రి చెప్పినదే పాటించండి. వెయిటింగ్ హాల్లో జరిగేది ఇంకోటి. నంబర్ ఆలస్యమవుతుంది, పాప ఏడుస్తుంది, అమ్మ కాగితాల మీద సంతకం పెట్టడానికి లోపలికి వెళ్తుంది. ఒళ్లో పెట్టుకున్న అవ్వకు మనసాగదు, కొంగు ముడిలోంచి రెండు బిస్కెట్లు తీసి చేతిలో పెడుతుంది. అంతే, ఆ రోజు ఎంఆర్ఐ పోయింది. మళ్లీ తేదీ ఎప్పుడో. వెంట వచ్చే పెద్దవాళ్లకు ఈ సంగతి బస్సులోనే చెప్పేయడం మేలు.

నా ఓటు దేనికి? రెండూ ఒకే నాణ్యతతో దొరికే ఆసుపత్రిలో, పిల్ల నిలకడగా ఉంటే, అడ్రినల్ గడ్డకు ఎంఆర్ఐ వైపే మొగ్గుతాను. గడ్డ వెన్నెముక దగ్గరగా ఉంటే మరీను. మత్తు డాక్టర్ వారం తర్వాతే దొరుకుతాడు, పిల్లకు ఊపిరి ఆడటం కష్టంగా ఉంది, లేదా సర్జన్ రేపే ఆపరేషన్ ప్లాన్ చేయాలంటే సీటీ తీసేయండి, సంకోచం అక్కర్లేదు. వారం రోజుల ఆలస్యం కన్నా ఒక ఫేజు సీటీ మంచిది. నడిచే పిల్ల ఒక్కసారిగా నడవలేకపోవడం, కాళ్లు పట్టు తప్పడం, మూత్రం రాకపోవడం ఉంటే బుకింగ్ గొడవే వద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. గడ్డ వెన్నుపామును నొక్కుతుండొచ్చు, ఎంఆర్ఐ ఆ రోజే తీయాలి.

## ఎంఐబీజీ: అడ్రస్ పట్టుకునే స్కాన్

న్యూరోబ్లాస్టోమా అని రూఢి అయ్యాక, లేదా గట్టిగా అనుమానం ఉన్నాక, ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూడటానికి ఇది. ఈ గడ్డల్లో పదింట తొమ్మిది ఎంఐబీజీ మందును పీల్చుకుంటాయి, కెమెరాలో మెరుస్తాయి. ఫియోక్రోమోసైటోమా, గ్యాంగ్లియోన్యూరోమా కూడా మెరవొచ్చు. కాబట్టి మెరిసిందంటే క్యాన్సరే అని అర్థం కాదు.

ఐ-123 అనే అయోడిన్‌తో చేస్తే బొమ్మ స్పష్టం, రేడియేషన్ తక్కువ. కానీ దాని అర్ధాయువు (రేడియేషన్ సగానికి తగ్గే సమయం) 13 గంటలే, మన దగ్గర సులువుగా దొరకదు. 8 రోజుల అర్ధాయువున్న ఐ-131 వాడే చోట్లే ఎక్కువ. దానితో 24, 48 గంటలకు, ఒక్కోసారి 72 గంటలకు బొమ్మలు తీస్తారు. కళ్యాణదుర్గం నుంచో కదిరి నుంచో వచ్చేవాళ్లు దీనికి మూడు రాత్రులు బెంగళూరులో ఉండేలా సిద్ధపడి రావాలి. థైరాయిడ్ ఆ అయోడిన్‌ను పీల్చుకోకుండా ముందురోజు నుంచే అయోడిన్ చుక్కలు ఇస్తారు, అవి మరిచిపోకూడదు.

చాలామంది చెప్పడం మరిచిపోయేది జలుబు మందు. పిల్లలకు ముక్కు కారితే వేసే సిరప్పుల్లో, చుక్కల్లో ఫినైలెఫ్రిన్ ఉండొచ్చు. అది ఎంఐబీజీ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది, గడ్డ ఉన్నా మెరవకపోవచ్చు. లాబెటలాల్ అనే బీపీ మందు, కొన్ని డిప్రెషన్ మందులు కూడా అంతే. మందు మీరే ఆపేయకండి. ఇంట్లో వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకొచ్చి న్యూక్లియర్ మెడిసిన్ కౌంటర్‌లో చూపించండి, ఏది ఎన్నాళ్ల ముందు ఆపాలో వాళ్లు చెబుతారు.

ఇక పెట్ స్కాన్. బావమరిది చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఎంఐబీజీ మెరవని న్యూరోబ్లాస్టోమాకు ఎఫ్‌డీజీ (చక్కెర లాంటి మందు) పెట్ పనికొస్తుంది. ఫియోక్రోమోసైటోమాకు, కొన్ని న్యూరోబ్లాస్టోమాలకు గాలియం డోటాటేట్ అనే వేరే మందుతో తీసే పెట్ చాలా బాగుంటుంది, ఒక్కరోజులో అయిపోతుంది. కానీ గడ్డ ఏమిటో తెలియక ముందే మొదటి స్కాన్‌గా దాన్ని తీయించడం డబ్బూ, రేడియేషనూ రెండూ వృథా. పెట్‌తో కలిపి తీసే సీటీ తరచూ తక్కువ డోసుది, రంగుమందు లేనిది. సర్జన్‌కు మళ్లీ వేరే సీటీ కావాల్సి వస్తుంది.

## మీ పిల్ల ఏ గుంపులో?

కడుపులో ఉండగానే, ఏడో ఎనిమిదో నెల స్కాన్‌లో అడ్రినల్ దగ్గర ఏదో కనిపించిందంటే, పుట్టాక అల్ట్రాసౌండ్ తీయించండి. నీటి తిత్తి, చిన్న గడ్డ అయితే గమనించే దారి. కాలేయం బాగా పెద్దదై కడుపు ఉబ్బి, ఊపిరికి ఇబ్బంది ఉంటే ఆ లెక్క వేరే, వెంటనే పిల్లల క్యాన్సర్ విభాగానికి.

ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లకు గట్టి గడ్డ: మూత్రం పరీక్ష, ఎంఆర్ఐ లేదా ఒక్క ఫేజు సీటీ, తర్వాత ఎంఐబీజీ. కళ్ల చుట్టూ దెబ్బ తగలకుండానే నల్లగా కమిలినట్టు ఉండటం, కాళ్ల ఎముకల నొప్పి, రక్తం తగ్గిపోవడం ఉంటే గడ్డ ఇప్పటికే పాకి ఉండొచ్చు. అప్పుడు ఎంఐబీజీని వెనక్కి నెట్టకూడదు.

పదేళ్ల బాబు, బీపీ బాగా ఎక్కువ, తలనొప్పి, చెమటలు: ఫియోక్రోమోసైటోమా అనుమానం. మెటానెఫ్రిన్ పరీక్ష ముందు, బొమ్మ తర్వాత. హార్మోన్ డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2014 మార్గదర్శకాలు ఈ గడ్డకు పెద్దలకు సీటీని ముందు పెట్టి, పిల్లలకు ఎంఆర్ఐ వైపు మొగ్గాయి. కుటుంబంలో ఇలాంటి గడ్డలున్నాయేమో చెప్పండి, వంశపారంపర్య కారణాలు ఇందులో ఎక్కువ. సూది పెట్టి ముక్క తీయడానికి ఎవరైనా తొందరపడితే ఆపండి. ఫియోక్రోమోసైటోమాను తగిన మందులు లేకుండా కదిలిస్తే బీపీ ప్రాణం మీదికి తెస్తుంది.

మూడేళ్ల పాపకు ముందే యౌవన లక్షణాలు: కార్టెక్స్ గడ్డ అనుమానం. ఇక్కడ డాప్లర్‌తో కింది మహాసిరలో (కడుపు నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర) గడ్డ పాకిందేమో చూస్తారు, ఊపిరితిత్తుల సీటీ కూడా తీస్తారు. ఇక్కడా సూది పెట్టరు, పొర చిట్లితే గడ్డ కడుపంతా చిందుతుంది. ఈ గడ్డ వచ్చిన పిల్లల్లో క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 అనే జన్యువు లోపం తరచూ ఉంటుంది. అలాంటి కుటుంబంలో రేడియేషన్ వీలైనంత తగ్గించాలి, కడుపుకు ఎంఆర్ఐ ఇక్కడ స్పష్టంగా ముందుంటుంది.

## బెంగళూరు వచ్చాక

కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి రెండూ నిమ్హాన్స్ చుట్టుపక్కలే ఉన్నాయి. కోరమంగళ వైపు సెయింట్ జాన్స్. ఇవి కాక పిల్లల సర్జరీ, పిల్లల క్యాన్సర్ విభాగాలున్న ప్రైవేటు ఆసుపత్రులు చాలానే. పెద్ద స్కాన్ తీయించే ముందు వీటిలో ఒక చోట ఓపీ చీటీ తీసుకుని డాక్టరును కలవండి. ఊళ్లో తీసిన సీటీ ఇక్కడి సర్జన్‌కు సరిపోక మళ్లీ తీయడం తరచూ చూస్తుంటాను. పాపకు రెండింతల రేడియేషన్, నాన్నకు రెండింతల ఖర్చు. ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆ ఆసుపత్రిలో అది చెల్లుతుందా, స్కాన్ ఓపీలో తీస్తే వర్తిస్తుందా, అడ్మిట్ అయితేనేనా అని కౌంటర్‌లో ముందే కనుక్కోండి.

ఇప్పటికే స్కాన్ తీయించి ఉంటే ఫిల్ముల కన్నా సిడి ముఖ్యం. బొమ్మలు డైకామ్ (స్కాన్ మెషీన్ ఇచ్చే అసలు కంప్యూటర్ ఫైళ్లు) రూపంలో ఉన్నాయా అని సెంటర్‌లో అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పంపిన ఫిల్ము మీద నాళాలు చుట్టుకున్నాయో లేదో ఎవరూ చెప్పలేరు. పాత అల్ట్రాసౌండ్ రిపోర్టులు కూడా పారేయకండి. పసిపిల్లల్లో పోయిన నెల 3.8 సెం.మీ., ఈ నెల 2.9 సెం.మీ. అన్న రెండు అంకెలే మొత్తం నిర్ణయాన్ని మార్చేస్తాయి. వాటి మీద తేదీలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి, పిల్ల బరువు రాసిన చీటీ కూడా పెట్టుకోండి. రంగుమందు డోసు, మత్తు డోసు, ఎంఐబీజీ డోసు అన్నీ ఆ కిలోల లెక్క మీదే.